దారి గీశారు.. నిర్ణయం మరిచారు!

ధరణి నుంచి భూభారతి దాకా తేలని లెక్క

ఖమ్మం: నాలుగెకరాల భూమి పాసుపుస్తకంలో మూడెకరాల పది గుంటలుగా నమోదైంది. మిగిలిన ముప్పై గుంటలు ఎటు పోయాయో చెప్పేవారు లేరు. తప్పు జరిగిన మాట నిజమేనని తహసీల్దారు ఒప్పుకొంటారు. సరిదిద్దే అధికారం మాత్రం తన చేతిలో లేదంటారు. జిల్లా కేంద్రానికి వెళితే మీసేవలో దరఖాస్తు చేసుకోమంటారు. చేసుకున్న కొన్నాళ్లకు తిరస్కరించినట్లు సెల్‌ఫోనుకు సందేశం వస్తుంది. ఎందుకు తిరస్కరించారో ఉండదు. 2020 తర్వాత తెలంగాణ పల్లెల్లో ఈ గోడు వినని ఊరు అరుదు.

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. మధ్యలో గడిచిన నాలుగున్నరేళ్లలో చర్చ అంతా పోర్టల్ చుట్టూ, పార్టీల చుట్టూ తిరిగింది. 2023 శాసనసభ ఎన్నికల్లో ధరణి ప్రధాన ప్రచారాంశమైన సంగతి విదితమే. ఒకరు దాన్ని విప్లవమన్నారు, మరొకరు బంగాళాఖాతంలో కలుపుతామన్నారు. ఈ హోరులో అసలు లోపం మరుగున పడింది. దస్త్రం ఏ సీటు నుంచి ఏ సీటుకు పోవాలో గీసినవారు, ఏ సీటులో ఎవరు, ఏ ఆధారంతో అవునో కాదో తేల్చాలన్న విషయాన్ని గీయలేదు. కంప్యూటరు దారి చూపింది. నిర్ణయానికి కావలసిన సరంజామా మాత్రం ఆ దారిలో ఎక్కడా లేకపోయింది.

ఇందులో రైతు పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. 2017 సెప్టెంబరులో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదం లేని భూములను పార్ట్-ఏలో, వివాదాస్పదమని తోచినవాటిని పార్ట్-బీలో చేర్చారు. పార్ట్-బీలో పడిన భూమికి కొత్త పాసుపుస్తకం రాలేదు. పాసుపుస్తకం లేనివారికి 2018 మే నెలలో మొదలైన రైతుబంధు సాయం అందలేదు. అదే ఏడాది ఆగస్టు 15 నుంచి అమలైన రైతుబీమా వర్తించలేదు. ఇంటి పెద్ద కన్నుమూస్తే ఆ కుటుంబానికి దక్కాల్సిన 5 లక్షల రూపాయలు ఒక గడిలో పడిన అక్షరం కారణంగా దక్కకుండా పోయాయి. ‘ఏ’ అనీ ‘బీ’ అనీ రాసింది ఎవరు, ఏం చూసి రాశారు అన్న ప్రశ్నకు చాలాచోట్ల రాతపూర్వక సమాధానం లేదు.

వజ్రం నిర్ణయించదు

కార్యాలయంలో జరిగే పనిని మొదటి నుంచి చివరి దాకా కాగితంపై బొమ్మగా గీయడాన్ని ‘ప్రాసెస్ మోడలింగ్’ అంటారు. అర్జీ ఎక్కడ అందుతుంది, ఎవరు పరిశీలిస్తారు, ఎవరు సంతకం చేస్తారు అన్నది అందులో వరుసగా కనిపించాలి. ప్రభుత్వ సేవను తెరపైకి తెచ్చే ముందు కంప్యూటరు నిపుణులు చేసే తొలి పని సాధారణంగా ఇదే. ఇందుకు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న గుర్తుల పద్ధతి బీపీఎంఎన్. 2004లో తొలిసారి వెలువడి, 2011లో రెండో రూపం సంతరించుకుంది. పనికి మూలలు నున్నగా తీర్చిన గడి, కదలికకు బాణం, దారులు చీలేచోట వజ్రాకారపు గుర్తు వేస్తారు.

చూసినవారికి ఆ వజ్రమే నిర్ణయం అనిపిస్తుంది. ఆ పద్ధతిని రూపొందించినవారు మాత్రం అలా చెప్పలేదు. వజ్రం నిర్ణయం తీసుకోదు. అంతకుముందే ఎవరో తీసుకున్న నిర్ణయాన్ని బట్టి ఫైలును ఇటో అటో మళ్లిస్తుంది, అంతే. రైలు పట్టాలు మార్చే మీట వంటిదది. ఏ బండి ఎటు పోవాలో మీటకు తెలియదు. స్టేషను మాస్టరుకు తెలియాలి. ఆయనకు తెలియాలంటే ఆయన ముందు సమాచారం ఉండాలి.

ఈ లోటును గుర్తించే, బీపీఎంఎన్ ప్రమాణాలను నిర్వహిస్తున్న ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ 2015లో డీఎంఎన్ అనే మరో పద్ధతిని విడుదల చేసింది. ఇందులో ఫైలు నడక ఉండదు. ఒక నిర్ణయానికి ఏ సమాచారం కావాలి, ఏ నిబంధన వర్తిస్తుంది, ఆ నిబంధనకు మూలమైన చట్టం ఏది అన్నవి విడిగా, పట్టికలుగా రాస్తారు. దారి వేరు, తీర్పు వేరు అన్నదే దీని సారాంశం. రెండింటినీ కలిపేస్తే దారి అడ్డదిడ్డమవుతుంది, తీర్పు కనపడకుండా పోతుంది.

అర్థశాస్త్రంలో 1978 నోబెల్ బహుమతి అందుకున్న హెర్బర్ట్ సైమన్ అంతకు ఎంతో ముందే, 1960లో, కార్యాలయ నిర్ణయాలను రెండు తెగలుగా విభజించారు. పదేపదే ఎదురై, ముందే రాసిపెట్టిన నియమంతో తేలిపోయేవి ఒక తెగ. ప్రతిసారీ కొత్తగా విచారించి, మనిషి వివేచనతో తేల్చాల్సినవి రెండో తెగ. మొదటివి యంత్రానికి అప్పగించవచ్చు. రెండోవాటిని అప్పగిస్తే యంత్రం చేయగలిగింది ఒక్కటే, తలుపు మూసేయడం.

ఇదంతా విదేశీ పాండిత్యమని కొట్టిపారేయనక్కరలేదు. కలెక్టరేట్లలో తలనెరిసిన గుమాస్తాలకు దీని సారం ఎప్పుడో తెలుసు. మద్రాసు రాష్ట్ర కాలంలో స్థిరపడి ఆంధ్ర జిల్లాలకు సంక్రమించిన టాటెన్‌హామ్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ రెండు భాగాలుంటాయి. వచ్చిన ఉత్తరాలు, పంపిన జవాబులు ఉండేది కరెంట్ ఫైలు. గుమాస్తా విషయం వివరించి, వర్తించే నిబంధన ఉటంకించి, గతంలో ఇలాంటి సందర్భంలో ఏం చేశారో రాసి, ఏం చేయవచ్చో సూచించేది నోట్ ఫైలు. అధికారి సంతకం దాని కింద పడుతుంది. ఈనాటి భాషలో నిర్ణయానికి తోడ్పాటు అంటున్నది ఆ నోటునే. పర్సనల్ రిజిస్టరు ఫైలు నడకను చూపితే, నోటు అది ఎందుకు నడిచిందో చూపేది. కంప్యూటరీకరణ పేరిట చాలా శాఖలు రిజిస్టరును తెరకు ఎక్కించాయి. నోటును వదిలేశాయి.

కరణం జ్ఞాపకం, కంప్యూటరు తెర

అధికారి వివేచనను తొలగించాలన్న ఆలోచన ఊరికే పుట్టింది కాదు. దాని వెనుక చేదు అనుభవం చాలా ఉంది. 1984లో రద్దయ్యే దాకా పల్లెల్లో పటేల్, పట్వారీ, కరణం, మునసబుల మాటే రికార్డు. ఏ చెలక ఎవరిదో, ఏ గట్టు ఎప్పుడు జరిగిందో కరణానికి కంఠోపాఠం. ఆ జ్ఞాపకమే ఊరికి ఆధారం, ఊరి మీద పెత్తనానికీ అదే ఆధారం. తర్వాత వచ్చిన గ్రామస్థాయి రెవెన్యూ ఉద్యోగుల హయాంలోనూ పహాణీలో పేరు మార్చాలంటే చేయి తడపాలన్న ఆరోపణలు ఆగలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత రెవెన్యూ శాఖకు అతికినట్లు మరో శాఖకు అతకదేమో. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును కార్యాలయంలోనే సజీవ దహనం చేసిన దారుణం, భూ వివాదాల సెగ ఎంత దూరం పోగలదో రాష్ట్రానికి చూపింది.

ఈ నేపథ్యంలో 2020 సెప్టెంబరులో నాటి ప్రభుత్వం కొత్త ఆర్వోఆర్ చట్టం తెచ్చింది. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. తహసీల్దార్లకు వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ బాధ్యత అప్పగించారు. రిజిస్ట్రేషన్ అయిన వెంటనే మ్యుటేషన్ కూడా పూర్తవుతుందన్నారు. ఆ మేరకు మాట నిలబడింది కూడా. రికార్డు సవ్యంగా ఉన్న రైతు స్లాటు బుక్ చేసుకుని వెళ్లి, నెలల తరబడి తిరగాల్సిన పనిని ఒక్క పూటలో ముగించుకొని వచ్చాడు. దీన్ని ధరణి విమర్శకులు సైతం కాదనలేదు.

అది ఎందుకు సాధ్యమైందన్నదే ఆసక్తికరం. అమ్మే వ్యక్తి పేరు రికార్డులో ఉందా, విస్తీర్ణం సరిపోయిందా, నిషేధిత జాబితాలో లేదు కదా, స్టాంపు రుసుం కట్టారా. నాలుగు ప్రశ్నలకూ తెర మీదే జవాబు దొరుకుతుంది. సైమన్ చెప్పిన మొదటి తెగ నిర్ణయమది. కానీ రికార్డే తప్పయినప్పుడు, తండ్రి చనిపోయి కొడుకులు పంపకాలపై తగవులాడుకుంటున్నప్పుడు, సర్వే నంబరులో కొంత ముక్క మాత్రమే సర్కారుదై మొత్తం నంబరు నిషేధిత జాబితాకెక్కినప్పుడు తెర మీద జవాబు ఉండదు. పొలానికి వెళ్లాలి. పాత సేత్వార్, ఖాస్రా పహాణీ తిరగేయాలి. చుట్టుపక్కల రైతులను అడగాలి. 2020 నాటి ఏర్పాటు ఈ రెండో తెగకు కూడా మొదటి తెగ దారినే వేసింది. వెనుకటి 1971 చట్టంలో తహసీల్దారు ఉత్తర్వుపై ఆర్డీఓకు అప్పీలు, ఆపైన జాయింట్ కలెక్టరుకు రివిజన్ ఉండేవి. కొత్త చట్టంలో ఆ మెట్లు లేవు. రెవెన్యూ కోర్టులను రద్దుచేసి, పెండింగ్ కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు అప్పగించారు. ఆ తర్వాత తలెత్తే తగవులకు సివిల్ కోర్టే గతి. ఎకరా, అరెకరా రైతుకు ఆ మెట్లు ఎక్కే స్తోమత ఎక్కడిది?

ఏ మాడ్యూలో రైతే తేల్చుకోవాలి

అధికారం తీసేస్తే నిర్ణయం ఆగిపోదు, వేరేచోటికి జరుగుతుంది. ధరణిలో అది రెండు దిక్కులకు జరిగింది.

మొదటిది పైకి. సవరణల భారం అత్యధికం కలెక్టరు లాగిన్‌కు చేరింది. ధాన్యం కొనుగోళ్లు, ఎన్నికలు, వరదలు, సంక్షేమ పథకాలు అన్నీ చూసే ఒకే ఒక్క అధికారి ముందు వేల దరఖాస్తులు నిలిచాయి. ఆయన పొలానికి వెళ్లలేరు. కింది నుంచి నివేదిక తెప్పించుకోవాలి. ఆ నివేదిక పంపేది ఎవరంటే, అధికారం లేదని పక్కన పెట్టిన తహసీల్దారే. ఆయనకు గ్రామంలో కళ్లూ చెవులూ అయిన వీఆర్వో వ్యవస్థ అప్పటికే లేదు. అంటే విచారణ చేసేవారికి నిర్ణయాధికారం లేదు, నిర్ణయాధికారం ఉన్నవారికి విచారణ చేసే వీలు లేదు. బొమ్మలో బాణాలన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఫైలు కూడా కదిలింది. కదలనిది సమస్య ఒక్కటే.

రెండో దిక్కు గురించి పెద్దగా చర్చ జరగలేదు. నిర్ణయం కిందికి, రైతు నెత్తిమీదికి జరిగింది. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో పోర్టల్‌లో ఒక్కో రకం సమస్యకు ఒక్కో మాడ్యూల్ చేరుస్తూ పోయారు. రికార్డు సవరణలకు ఉద్దేశించిన టీఎం-33 పేరు పల్లెల్లో పిల్లలకు కూడా తెలిసింది. తన సమస్య విస్తీర్ణం లోపమా, పేరు తప్పా, భూమి స్వభావం తప్పుగా పడిందా, నిషేధిత జాబితా వ్యవహారమా అన్నది దరఖాస్తుకు ముందే రైతు తేల్చుకోవాలి. చదువుకున్నవారికే అంతుపట్టని వర్గీకరణ ఇది. పొరపాటున వేరే మాడ్యూల్ ఎంచుకుంటే తిరస్కరణ. ఒకే సర్వే నంబరులో రెండు తప్పులుంటే రెండు దరఖాస్తులు. వెనుకటికి తెల్లకాగితం మీద గోడు రాసిస్తే దాన్ని ఏ సెక్షను కింద చూడాలో కార్యాలయమే తేల్చేది. ఆ పని అధికారుల నుంచి అర్జీదారుకు, అక్కడి నుంచి మీసేవ కేంద్రం కుర్రాడికి బదిలీ అయింది. ఆ కుర్రాడి తెలివితేటల మీద ఎకరాల భవితవ్యం ఆధారపడింది.

2024 ఆరంభంలో కొత్త ప్రభుత్వం ధరణిపై కమిటీ వేసింది. ఫిబ్రవరి చివర్లో తహసీల్దారు, ఆర్డీఓ, అదనపు కలెక్టరు, కలెక్టరు స్థాయుల్లో అధికారాలను వికేంద్రీకరిస్తూ ఉత్తర్వులిచ్చి, మార్చి 1 నుంచి ప్రత్యేక డ్రైవ్ చేపట్టింది. అప్పటికి పేరుకున్న దరఖాస్తులు సుమారు రెండున్నర లక్షలు. ఇంజిను అదే, పట్టాలు అవే. మీట దగ్గర మనిషిని కూర్చోబెట్టడమే ఆ డ్రైవ్ చేసిన మార్పు.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. ధరణి వచ్చిన కొద్ది రోజులకే, 2020 నవంబరులో, పట్టణాల్లో ఇళ్ల అనుమతులకు టీఎస్ బీపాస్ అమల్లోకి వచ్చింది. 75 చదరపు గజాల దాకా అనుమతే అక్కరలేదు, రూపాయితో నమోదు చాలు. 600 చదరపు గజాల దాకా, పది మీటర్ల ఎత్తు లోపు అయితే యజమాని స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువుతో ఏకగవాక్ష విధానం. ఏ నిర్ణయం నియమంతో తేలుతుందో, ఏది అధికారి పరిశీలనతో తేలాలో ఇక్కడ ముందే గీత గీశారు. పైగా అనుమతి ఇచ్చాక తనిఖీ చేసే ఏర్పాటూ ఉంది. అతిక్రమణలు ఆగాయా అంటే అది వేరే కథ. ఒకే ప్రభుత్వం, ఒకే ఏడాది, రెండు శాఖల్లో రెండు రకాల ఆలోచన చేయడం గమనార్హం.

గోపన్న ఊళ్లో తొలి పరీక్ష

2024 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ప్రయోగాత్మకంగా నాలుగు మండలాలను ఎంపిక చేశారు. నారాయణపేట జిల్లా మద్దూరు, కామారెడ్డి జిల్లా లింగంపేట, ములుగు జిల్లా వెంకటాపూర్‌తో పాటు ఖమ్మం జిల్లా నేలకొండపల్లి అందులో ఉంది. రెవెన్యూ మంత్రి పొంగులేటి శ్రీనివాసరెడ్డి ప్రాతినిధ్యం వహిస్తున్న పాలేరు నియోజకవర్గంలోని మండలమిది. అంతకన్నా ముందు ఇది కంచర్ల గోపన్న ఊరు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా వసూలుచేసిన పన్నును భద్రాద్రి రాముడి గుడికి వెచ్చించి, గోల్కొండ చెరసాల పాలైన భక్త రామదాసు జన్మస్థలంగా జనం చెప్పుకొనే చోటు. తహసీల్దారు తన విచక్షణతో ఏ మేరకు నిర్ణయం తీసుకోవచ్చు, దానికి ఎవరికి జవాబు చెప్పాలి అన్న ప్రశ్న ఈ గడ్డకు మూడు శతాబ్దాల పాతది.

కొత్త చట్టంలో కీలకమైన మార్పు పోర్టల్ పేరు కాదు. వారసత్వ మ్యుటేషన్‌కు ముందు కుటుంబ సభ్యులకు నోటీసు ఇచ్చి విచారించాలన్నారు. తహసీల్దారు ఉత్తర్వుపై ఆర్డీఓకు, అక్కడి నుంచి కలెక్టరుకు, ఆపైన భూమి ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే మెట్లు తిరిగి వచ్చాయి. బొమ్మలో లేని వెనుదిరిగే దారి మళ్లీ గీశారన్నమాట. నిర్ణయం తప్పయ్యే అవకాశం ఉందని ఒప్పుకోవడమే దీని అసలు విశేషం. తప్పు జరగదన్న నమ్మకంతో గీసిన ఏ పటంలోనూ తప్పు దిద్దే చోటు ఉండదు.

సదస్సుల తీరూ మారింది. అధికారులు ఊరికి వచ్చి, అక్కడే దరఖాస్తులు తీసుకున్నారు. 2025 జూన్ 3 నుంచి రాష్ట్రమంతటా సాగిన సదస్సుల్లో లక్షల దరఖాస్తులు అందాయి. మాడ్యూల్ ఎంచుకునే బాధ తప్పి, రైతు తన గోడు తన మాటల్లో చెప్పుకొనే వీలు చిక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో సుమారు 5 వేల మంది గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు అందజేశారు. తహసీల్దారుకు గ్రామంలో మళ్లీ కళ్లు వచ్చాయి. ఆ కళ్లలో చాలావరకు పాత వీఆర్వోలు, వీఆర్ఏలవే కావడంతో, వెనుకటి జాడ్యాలూ తిరిగి వస్తాయేమోనన్న అనుమానం పల్లెల్లో లేకపోలేదు. విచక్షణ ఇచ్చినచోటల్లా ఆ భయం ఉంటుంది. రాసిన కారణం, దాన్ని ప్రశ్నించే హక్కు లేనిచోట ఆ భయం నిజమవుతుంది.

సాదాబైనామాల చిక్కుముడి

ఇప్పుడు జిల్లాలో అందరి దృష్టీ సాదాబైనామాల మీదే ఉంది. తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు ఒప్పందాలివి. పెద్దమనుషుల సమక్షంలో రాసుకొని, డబ్బు ముట్టజెప్పి, దున్నుకుంటున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కొన్నవారిలో పేదలు, అమ్మినవారిలో ఊరు వదిలి పట్నం చేరినవారు ఎక్కువ. 2020లో క్రమబద్ధీకరణకు దరఖాస్తులు ఆహ్వానిస్తే 9 లక్షలకు పైగా వచ్చాయి. ఈలోగా పాత చట్టం రద్దు కావడంతో, ఏ అధికారంతో వాటిని పరిష్కరిస్తారన్న ప్రశ్న హైకోర్టుకు చేరి, ప్రక్రియ ఆగింది. 2025 ఆగస్టులో స్టే తొలగడంతో భూభారతి చట్టం కింద ఆర్డీఓలకు ఆ బాధ్యత దక్కింది.

దారినీ నిర్ణయాన్నీ విడదీయాల్సిన అవసరం ఇంత స్పష్టంగా కనిపించే వ్యవహారం మరొకటి లేదు. 2014 జూన్ 2కు ముందు కొన్నదా? 2020లో నిర్ణీత గడువులోగా దరఖాస్తు చేశారా? కొన్నది చిన్న, సన్నకారు రైతేనా? ఈ ప్రశ్నలకు రికార్డులో జవాబుంది. కంప్యూటరు తేల్చగలదు, తేల్చాలి కూడా. ఇందుకోసం ఆర్డీఓ సమయం ఒక్క నిమిషం కూడా ఖర్చు కానక్కరలేదు. పన్నెండేళ్లుగా భూమి నిజంగా ఎవరి అనుభవంలో ఉందన్నది మాత్రం వేరే ప్రశ్న. కాగితం మీది సిరా అప్పటిదా, నిన్నటిదా? అమ్మినవాడు అదే ముక్కను మరొకరికి రిజిస్టరు చేయలేదు కదా? అతని వారసులు ఏమంటున్నారు? భూముల ధరలు పదింతలైన చోట, తాత అమ్మిన భూమిని మనవడు గుర్తు తెచ్చుకోవడంలో వింతేముంది? ఇవి తెర తేల్చలేనివి.

ఆర్డీఓ ముందు ఫైలు తెరుచుకున్నప్పుడు ఏమేం కనిపించాలన్నది ఇక్కడే ముందుగా తేలాలి. ఆ సర్వే నంబరు తాలూకు పాత పహాణీలు అదే తెర మీద ఉండాలి. సరిహద్దు రైతుల వాంగ్మూలం, పొలం స్కెచ్, అదే భూమిపై ఉన్న కోర్టు కేసుల వివరం పక్కనే ఉండాలి. ఇదే ఊళ్లో ఇలాంటి వ్యవహారంలో నిన్న ఏం తేల్చారో కనిపించాలి. లేకుంటే ఒకే కాలువ గట్టున ఒకే ఏడాది కొన్న ఇద్దరిలో ఒకరికి పట్టా, మరొకరికి తిరస్కరణ వచ్చే ప్రమాదం ఉంది. ఇవేవీ కొత్త చట్టం అవసరమైన పనులు కావు. నోట్ ఫైలును తెర మీదికి తేవడమే.

నక్షాల కొరత ఈ చిక్కుకు మరో ముడి. తెలంగాణలో గ్రామ నక్షాలు నిజాం కాలపు సర్వేవి. అసలు నక్షాయే లేని గ్రామాలు 400కు పైగా ఉన్నాయి. వాటిలో ఐదు గ్రామాలను 2025లో ప్రయోగాత్మక రీసర్వేకు ఎంచుకోగా, జిల్లాలోని ఎర్రుపాలెం మండలం ములుగుమాడ అందులో ఒకటి. రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జోడించాలన్నది భూభారతి లక్ష్యాల్లో ఒకటి. హద్దు రాయి ఎక్కడుందో తెలియనిచోట ఏ అధికారి నిర్ణయమైనా అంచనాయే.

‘పరిష్కారం’ అంటే ఏమిటి?

ఇంత జరిగినా జిల్లా కార్యాలయాల్లో ఒక అలవాటు మారలేదు. ఏ సమీక్షలోనైనా మొదట అడిగేది ఎన్ని వచ్చాయి, ఎన్ని తేల్చారు, ఎన్ని మిగిలాయి అని. ‘తేల్చినవి’ అన్న వరుసలో ఆమోదించినవీ తిరస్కరించినవీ కలిసిపోతాయి. పొలానికి వెళ్లి విచారించి ఉత్తర్వు రాయడానికి వారం పడుతుంది. తిరస్కరించడానికి ఒక్క క్లిక్ చాలు. పెండింగ్ తగ్గించిన మండలానికే మెప్పు దక్కేచోట తహసీల్దారు చేయి ఎటు పోతుందో చెప్పనక్కరలేదు. ఇందులో దురుద్దేశం వెతకనవసరం లేదు. లెక్క అడిగే తీరే అలా నడిపిస్తుంది.

తిరస్కరించినవాటిలో ఎన్ని అప్పీలులో నిలిచాయి, ఎన్ని తలకిందులయ్యాయి, ఒకే రకం సమస్యపై పక్కపక్క మండలాల్లో ఎంత తేడాగా నిర్ణయించారు అన్న లెక్క సమీక్ష పట్టికలో చేరితే చిత్రం మరోలా ఉంటుంది. భూభారతిలో అప్పీలు మెట్లు తిరిగి వచ్చాయి గనుక ఈ సమాచారం ఇకపై పోగవుతుంది. దాన్ని సమీక్షకు వాడుకోవాలంటే మండలంలో ఇచ్చిన ఉత్తర్వులో కారణం ఉండాలి. తిరస్కరించిన సందేశం రైతు ఫోనుకు వచ్చినప్పుడు, ఏ పత్రం చాలలేదు, ఏ నిబంధన అడ్డొచ్చింది, ఎవరికి ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవాలి అన్న నాలుగు తెలుగు వాక్యాలు అందులోనే ఉండాలి. ముప్పై గుంటలు పోగొట్టుకున్న రైతు ఇన్నేళ్లుగా అడుగుతున్నది ఆ నాలుగు వాక్యాలనే.